సైకిలు దూరము – సంసార జీవనము

ఈ రజతోత్సవ సంచికలో మన గ్రంథాలయపు చరిత్రను వ్రాయుటకు నాకంటె తగినవారు కలరు. వారు వ్రాసియే యున్నారు. సంపాదకవర్గమువారు నాకప్పగించిన విషయము వేఱు. గ్రామమున కాపురముండి, జీవనోపాధికై పొరుగూరికి గాని పట్టణమునకు గాని ప్రతిదినము సైకిలుపై పోయి వచ్చుట యనునది ఎట్లేర్పడినది, అది కుటుంబములకు ఏమి చేసినది అను సంగతిని చారిత్రకముగా పరిశీలింపుమని వారు కోరిరి. ఇదియు నొక చరిత్రమేనా యని కొందఱు పాఠకులు సందేహింపవచ్చును. దండయాత్రలను, శాసనములను చరిత్రమని చదువుకొన్న మనకు, హ్యాండిలుకు క్యారేజీ తగిలించుకొని తెల్లవారుజామున బయలుదేరిన మనుష్యుడు చరిత్రపురుషుడుగా కనబడడు. కాని అట్టివాడు సాయంకాలము దీపాలవేళకు ఇల్లు చేరగలడా లేడా యను దానిని బట్టియే ఎన్నో గ్రామములు నిలిచినవి, ఎన్నో ఖాళీ యయినవి.

సైకిలునకు పూర్వము దినచర్యకు కొలత కాలినడకయే. మన పెద్దలు దూరమును క్రోసులతోను ఆమడలతోను లెక్కించిరి. క్రోసనగా సుమారు రెండు మైళ్ళు. నాలుగు క్రోసులొక ఆమడ. క్రోసెడు దూరములోని చేనికి రైతు ప్రొద్దున పోయి, మధ్యాహ్నము గట్టున కూర్చుండి చద్దియన్నము తిని, ప్రొద్దుగూకునప్పటికి ఇల్లు చేరెడివాడు. అంతకు మించిన దూరమున భూమి యున్నచో దానిని కౌలుకిచ్చుటయో, అచ్చట పాక వేసికొని పనుల దినములలో పడియుండుటయో జరుగుచుండెను. ఆమడ దూరము పనికి పోయినవాడు ఆ రాత్రి తిరిగి వచ్చునని ఇంటివారు ఎదురుచూడరు.

మార్కెట్టి యను ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు 1994లో ఒక వ్యాసమున ఈ సంగతిని వింతగా నిరూపింప యత్నించెను. ఏ కాలమునను, ఏ వాహనము నెక్కినను, మనుష్యుడు రానుపోను ప్రయాణమునకు దినమునకు సుమారొక గంట మాత్రమే వెచ్చించునని అతని సిద్ధాంతము. వాహనపు వేగము పెరిగినచో ప్రయాణకాలము తగ్గదు, దూరము పెరుగును. దీనిని మన గ్రామమునకు అన్వయించి చూతము. గంటకు 5 కిలోమీటర్లు నడచువాడు అరగంటలో 2½ కిలోమీటర్లు పోగలడు. గంటకు 15 కిలోమీటర్లు సైకిలు త్రొక్కువాడు అదే అరగంటలో 7½ కిలోమీటర్లు పోగలడు. దూరము మూడింతలైనప్పుడు వైశాల్యము తొమ్మిదింతలగును. నడచువానికి పని దొరకు వలయము సుమారు 20 చదరపు కిలోమీటర్లు కాగా, సైకిలువానికి 177. కాపురము కదలకుండ పని వెదకుకొను నేల తొమ్మిదింతలైన దన్నమాట. ఇది గణితమే గాని జీవితము కాదు. ఎదురుగాలియు, గతుకుల బాటయు, మేనేజరుగారి కోపమును ఈ లెక్కలోనికి రావు. అయినను లెక్క చూపు దారి సరియైనదే.

ఈ యంత్రము పుట్టుక మన దేశమున కాదు. జర్మనీలోని బాడెన్ సంస్థానమున అటవీశాఖోద్యోగిగా నుండిన కార్ల్ ఫన్ డ్రైస్ 1817 జూన్ 12వ తేదీన మన్‌హైమ్ నగరమునుండి రెండు చక్రముల కొయ్య యంత్రముపై కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు, రానుపోను సుమారు 14 కిలోమీటర్లు గంటలోపల పోయి వచ్చెను. మన లెక్కలో అది ఆమడ కంటె కొంచెమెక్కువ. 1815లో తంబోరా అగ్నిపర్వతము ప్రేలుటచే మరుసటి యేడు ఐరోపాలో వేసవియే లేక పంటలు చెడినవనియు, గుఱ్ఱములకు దాణా కఱవై అతనికీ యూహ తోచినదనియు కొందఱు చరిత్రకారు లందురు. 1860 తరువాత పారిస్ నగరమున పెడళ్ళు వచ్చినవి. ఆ పిమ్మట ముందు చక్రము మనిషియెత్తున్న సైకిలు వచ్చినది. అది సాహసికులకే గాని సంసారులకు పనికి వచ్చునది కాదు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ చేయించిన రోవర్ సైకిలుకు రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండి, వెనుక చక్రమునకు చెయిను అమర్చబడెను. నేడు మనము త్రొక్కునది దాని సంతతియే.

1888లో గాలి టైరునకు హక్కుపత్రము పొందిన జాన్ బాయ్డ్ డన్‌లప్ పశువైద్యుడు. బెల్‌ఫాస్ట్ నగరమున తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి ఱాళ్ళబాటపై కుదుపులేక పోవుటకై ఆయన దానిని కల్పించెను. తండ్రి కొడుకునకు చేసి పెట్టిన ఆట వస్తువునుండి వెలువడిన ఆ గాలి టైరే కోట్లకొలది తండ్రులను ప్రతిదినము పిల్లలకు దూరముగా తీసికొని పోయినది, తిరిగి తెచ్చి దించినది.

ఇంగ్లండులో సైకిలు మొదట ధనవంతుల వినోదము. ధర తగ్గి పాత సైకిళ్ళు చేతులు మారినకొలది పల్లె కూలివాండ్రకు అందుబాటైనది. డార్సెట్ ప్రాంతపు వివాహ దస్తావేజులను పరిశీలించి పెరీ యను భూగోళశాస్త్రజ్ఞుడు 1969లో ఒక పరిశోధనను ప్రకటించెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములనుండి కూలి కుటుంబముల యువకులు తమ గ్రామమును దాటి వెలుపల పిల్లలను పెండ్లాడుట హెచ్చినదని తేలినది. దానికి గల కారణములలో సైకిలు ఒకటి.

మన దేశమున అట్లు జరుగలేదు. మన పెండ్లి సంబంధములు అంతకుముందే ఊళ్ళు దాటినవి. మేనరికము, కులము, ఇంటిపేరు చూచుకొనిన తరువాతనే మనవారు దూరమును చూచుచుండిరి. సైకిలు చేసిన మేలు వేఱొకటి. అత్తవారింటనున్న ఆడపిల్లకు అది పుట్టింటిని దగ్గఱ చేసినది. పూర్వము సంక్రాంతికి దసరాకు బండి కట్టినప్పుడే కూతురిని చూచు భాగ్యము. సైకిలు వచ్చిన తరువాత అన్నయో తమ్ముడో ఆదివారము నాడు క్యారియరుకు మునగకాయలో, నేతి గిన్నెయో కట్టుకొని పది మైళ్ళు త్రొక్కి, అక్క యోగక్షేమములు కనుగొని, రాత్రి భోజనమునకు ఇంటికి వచ్చుచుండెను. పుట్టింటివారు ఏ క్షణముననైన రాగలరను తలపు అత్తవారి నోటికి కొంత కళ్ళెమై యుండునని నేను నమ్ముచున్నాను.

దీనికి మఱొక ముఖమును కలదు. అలకపాన్పుపై కూర్చుండిన క్రొత్త అల్లుడు కోరు వస్తువులలో సైకిలు, వాచీ, రేడియో యను త్రయము చాలకాలము వెలిగినది. ఉద్యోగమునకు పోవుటకు సైకిలు లేనిదే కాపురమెట్లని పెండ్లికొడుకు తరపువారు వాదించెడివారు. మామగారు అప్పు చేసి తెచ్చిన సైకిలుపై అల్లుడు దర్జాగా తిరుగుచుండగా, ఆ అప్పునకు వడ్డీ కట్టినవాడు కాలినడకననే పొలమునకు పోవుచుండెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను ఈ కోరిక వెంటనే ఆగలేదు. పిమ్మట సైకిలు స్కూటరుగా మాఱినది.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన ప్రాంతమునకు వచ్చిన సైకిళ్ళలో పెక్కు రాలీ, హెర్క్యులీస్, హంబర్, బి.ఎస్.ఏ. మొదలగు సీమ సైకిళ్ళే. దేశీయ కర్మాగారములు విరివిగా లేచినది తరువాతనే. 1949లో మద్రాసు సమీపమున అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో స్థాపింపబడినవి. బెంగాలులోని ఆసన్‌సోల్ వద్ద సేన్–రాలీ కర్మాగారము కూడ ఆ కాలముదే. 1950-51లో దేశమున తయారైన సైకిళ్ళు సుమారు లక్ష. 1960-61 నాటికి ఆ సంఖ్య పది లక్షలు దాటెను. పదేండ్లలో పదిరెట్లు! పల్లెలలో సైకిలు షాపులు వెలసినది ఈ దశకముననే. గంటకింత యని అద్దెకిచ్చు ఎఱ్ఱరంగు సైకిళ్ళు, పంక్చరు చూచుటకు నీళ్ళ పళ్ళెము, గోడకానించిన గాలిపంపు – ఇవి లేని కూడలి లేదు. ఎత్తు చాలని బాలురు రాడ్డు క్రిందనుండి కాలు దూర్చి ఓరగా త్రొక్కుట నేర్చినది ఆ అద్దె సైకిళ్ళపైననే. పట్టణములలో మునిసిపాలిటీవారు సైకిలుకు ఏటేట పన్ను విధించి రేకు బిళ్ళ నిచ్చెడివారు. బిళ్ళ లేనివానిని, దీపము లేనివానిని, వెనుక మనిషి నెక్కించుకొన్నవానిని పోలీసులు ఆపుచుండిరి. తండ్రికి మందు తెచ్చువాడైనను, భార్యను ఆసుపత్రికి కొనిపోవువాడైనను 'డబుల్స్' తప్పే.

కృష్ణా గోదావరీ మండలములలో సైకిలునకు దారి చూపినది కాలువలు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట త్రవ్వబడిన కాలువల గట్లు మొదట పడవలను లాగు మనుష్యులకు బాటలైనవి. నూరేండ్లకు అవియే సైకిలు బాటలైనవి. గట్టు చదునుగా నుండును, చెట్ల నీడ యుండును, ఎత్తుపల్లములు తక్కువ. అయినను వర్షాకాలమున రేగడిమట్టి మడ్‌గార్డులో దూరి చక్రమును బిగబట్టగా, సైకిలు నెక్కవలసినవాడు దానినే భుజముపై కెత్తుకొని నడచెడివాడు.

ఇంక అసలు ప్రశ్నకు వత్తము. ఎంత దూరము? ఈ వ్యాసకర్త ఆఱు మైళ్ళ దూరముననున్న ఉన్నత పాఠశాలకు పదునాలుగేండ్లు సైకిలుపై పోయి వచ్చినవాడగుటచే దీనిపై కొంత మాటాడుట కర్హత కలదని తలంచుచున్నాడు. రెండు మూడు మైళ్ళు దూరముగా లెక్కకు రాదు. అట్టివాడు మధ్యాహ్న భోజనమునకు కూడ ఇంటికి రాగలడు. నాలుగైదు మైళ్ళవాడు క్యారేజీ కట్టుకొని పోవును గాని సంధ్యవేళకు వచ్చును. పాలు పిదుకుటకు, పిల్లవాని పలక చూచుటకు, గ్రంథాలయమునకు వచ్చి దినపత్రిక తిరుగవేయుటకు అతనికి వ్యవధి యుండును. ఆఱు మైళ్ళు దాటినప్పటినుండి సంసారపు రూపము మాఱును. రానుపోను గంటన్నర, సీతాకాలమున రెండు చివరలును చీకటియే. ఎనిమిది మైళ్ళు, అనగా ఆమడ, యైనచో రెండు గంటలు త్రొక్కుడు. ఉదయము పిల్లలు లేవకముందే పోవును. రాత్రి వారు నిదురించిన తరువాత వచ్చును. పదియవ మైలు దాటినవాడు కొన్నాళ్ళు బలిమిని త్రొక్కి, ఆ పిమ్మట పట్టణమున గది యద్దెకు తీసికొని శనివారము శనివారము వచ్చుట మొదలిడును. రెండు మూడేండ్లకు భార్యాపిల్లలను కూడ తీసికొనిపోవును. ఇంటికి తాళము పడును. మన వీధులలో తాళము పడిన ఇండ్లు ఎక్కువభాగము ఆమడ దాటి పనికి పోయినవారివే.

కావున సైకిలుకు హద్దు కాలిబలము కాదు, ప్రొద్దు. వేసవిలో ఏడు మైళ్ళు సుఖముగా పోయి వచ్చువానికి మార్గశిరమున అయిదు మైళ్ళే దూరమగును. డైనమో దీపము ఈ హద్దును కొంచెము వెనుకకు నెట్టినది గాని, డైనమో చక్రమునకానిన కొలది త్రొక్కుడు బరువగునని త్రొక్కినవారందఱికిని తెలియును. మన గ్రంథాలయ కార్యకర్తలును ఈ హద్దును తమకు తెలియకుండగనే పాటించిరి. ఆఱు మైళ్ళలోపల పనిచేయువారు సాయంకాలపు పాఠకులు. ఆపైవారు ఆదివారపు పాఠకులు. ఆదివారమునాడు వారికి తలవెండ్రుకలు కత్తిరించుకొనవలసియుండును, వడ్లు మరపట్టింపవలసియుండును. పుస్తకము చివరి స్థానమునకు పోవుట సహజము. చదువరి రాలేనిచోటికి పుస్తకమునే పంపవలెనని 1935లోనే పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. సైకిలువారికై ఎవరైన అట్టి యుపాయము చేసినచో బాగుండునని ప్రసంగవశమున మనవి చేయుచున్నాను.

ఇంతవఱకు త్రొక్కినవాని కథయే చెప్పితిని. ఆ దూరపు వెల నిజముగా చెల్లించినదెవరు? అతడు ఆఱు గంటలకు బయలుదేరవలెనన్న ఆమె నాలుగు గంటలకు లేవవలెను. పొయ్యి రాజవేయుట, నీళ్ళు తోడుట, అన్నము వార్చి క్యారేజీ సర్దుట – ఇవన్నియు చీకటిలోనే. సైకిలు మగవానికి నడక తప్పించినది. ఆడుదాని నడకను తప్పింపలేదు. చెఱువునకు, మరకు, సంతకు ఆమె మునుపటివలెనే నడచెను. ఒక యింట ఒకే సైకిలున్నప్పుడు దానిపై అధికారము ఎవరిదో చెప్పనక్కఱలేదు. ఆదివారమునాడు పెద్దపిల్ల ముందు రాడ్డుపై చిన్న సీటులోను, భార్య చంటివానితో వెనుక క్యారియరుపై ఓరగాను కూర్చుండగా నలుగురును ఒకే సైకిలుపై సినిమాకు పోవుచుండిరి. ఆ దృశ్యమును చూచి మనము ముచ్చటపడితిమి గాని, త్రొక్కుట ఆమె కెందుకు నేర్పలేదని అడిగినవారు అరుదు.

అడిగినది తమిళనాడులోని పుదుక్కోట జిల్లా. 1991లో అచ్చట సాగిన 'అఱివొళి' అక్షరాస్యతోద్యమములో చదువుతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి ఊతమైరి. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకొనిరి. దానిని చూచి వ్రాసిన పాలగుమ్మి సాయినాథ్‌గారు ఒక చిన్న సంగతిని గుర్తించిరి. ఆడువారి సైకిళ్ళు దొరకనప్పుడు వారు మగవారి సైకిళ్ళనే కొనిరి. పెక్కుమందికి అవియే నచ్చినవి కూడ. ఏలయనగా వాని ముందు రాడ్డుపై బిడ్డను కూర్చుండబెట్టవచ్చును! నీళ్ళ బిందెలు, కూరగాయలు, బిడ్డ – అన్నియు ఒకే ప్రయాణమున సాగినవి. దారిలో ఎగతాళులు ఎదురైనను వారు మానలేదు.

2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు 2,000 రూపాయలిచ్చుట మొదలుపెట్టెను. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని పరిశీలింపగా, బాలికల చేరిక నూటికి 32 పాళ్ళు పెరిగెనని తేలినది. అందును ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల కంటె దూరముననున్న గ్రామములలో ఫలమెక్కువ. మూడు కిలోమీటర్లు! మగవానికి దూరముగా లెక్కకు రానిదే బాలికకు చదువు ఆగిపోవు దూరము. ఒంటరిగా నడచి పోవునేమో, చీకటిపడునేమో యని తల్లిదండ్రులు జంకుటచే అది అంత పొడవైనది. గుంపుగా సైకిళ్ళపై పోయిన పిల్లలు ఆ జంకును తగ్గించిరి.

బాటయే భద్రముగా లేనిచో సైకిలున్నను బిడ్డను పంపువారెవరు? 1971లో హాలండు దేశమున రోడ్డు ప్రమాదములందు నాలుగువందలకు పైగా పిల్లలు మరణించిరి. కుమార్తెను పోగొట్టుకొన్న పత్రికారచయిత యొకడు 'పిల్లల హత్యను ఆపుడు' అని వ్రాయగా, ఆ పేరుననే తల్లిదండ్రులు వీధులలో బైఠాయించిరి. అచ్చటి సైకిలు బాటలలో పెక్కు ఆ యుద్యమము తరువాత విస్తరించినవే.

మన వైపు కథ వేఱు దారి పట్టినది. 1972లో లూనా మోపెడ్, 1985లో హీరో హోండా మోటారుసైకిలు వచ్చిన తరువాత ఆమడ యన్నది అరగంట కంటె తక్కువ ప్రయాణమైనది. మార్కెట్టి చెప్పినట్లే కాలము మిగులలేదు, దూరము సాగినది. ఇరువది మైళ్ళ పనికి పోవువారు బయలుదేరిరి. 2011 జనాభా లెక్కలలో దేశమున నూటికి దాదాపు 45 ఇండ్లలో సైకిలున్నది. వ్యవసాయము, కుటీర పరిశ్రమలు కాక ఇతర వృత్తులలోనున్నవారిలో నూటికి సుమారు 13 మంది సైకిలుపైననే పనికి పోవుచుండిరి. మోటారు ద్విచక్రవాహనములపై పోవువారును ఇంచుమించుగా అంతమందే. ఇంటనున్న సైకిళ్ళలో పెక్కు యజమాని పనికి కాక పిల్లల బడికి, ఇంటి పనికి మిగిలినవి కాబోలు.

2020 మే నెలలో దేశమంతట బండ్లు నిలిచిపోయినప్పుడు, గుర్గావ్‌లో గాయపడి పనిలేక పడియున్న తండ్రిని పదునైదేండ్ల కూతురు పాత సైకిలొకటి కొని, వెనుక కూర్చుండబెట్టుకొని, సుమారు 1,200 కిలోమీటర్లు త్రొక్కి బీహారులోని దర్భంగా సమీపమున గల తమ ఊరికి చేర్చెను. ఇది మెచ్చుకొనవలసిన కార్యమే గాని, ఒక బాలికకు ఆ యవసరము కలుగుట మెచ్చుకొనవలసినది కాదు. మూడు వారములు గడువకముందే, జూన్ 3వ తేదీన, అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారము మూతపడెను.

మన గ్రామమున నేడు సైకిలుపై పనికి పోవువారు పెద్దవయసు వారే ఎక్కువ: తాపీ పనివాండ్రు, పాలవాండ్రు, బియ్యపు మిల్లు కాపలాదారులు. వారి పని ఇంచుమించుగా అంతయు నాలుగైదు మైళ్ళలోపలనే. ఉన్నత పాఠశాలకు పోవు బాలికలు మాత్రము ఉదయము ఎనిమిదిన్నరకు అయిదారుగురు గుంపుగా కాలువగట్టున పోవుచున్నారు. సాయంకాలము అయిదుంబావుకు తిరిగి వచ్చుచున్నారు.